వెబ్‌పేజీలో కదిలే బొమ్మలు: సాధనాలు, పద్ధతులు

వెబ్‌పేజీలో ఉన్న ఫొటోకో, గీసిన బొమ్మకో, చిన్న గుర్తుకో కదలిక తెప్పించడానికి స్థూలంగా మూడు దారులున్నాయి. కదలికను బొమ్మ ఫైల్లోనే పెట్టి పంపడం ఒకటి. జిఫ్, ఏపీఎన్‌జీ, వెబ్‌పీ, నిశ్శబ్దంగా ఆడే చిన్న వీడియో ఈ కోవకు చెందుతాయి. నిశ్చలమైన బొమ్మనే పంపి, దాన్ని జరపడం, పెంచడం, మసకబార్చడం వంటి పనులు బ్రౌజర్‌కు అప్పగించడం రెండోది. సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ చేసే పని ఇదే. మూడో దారిలో బొమ్మ రంగుచుక్కల రూపంలో ఉండదు, గీతల లెక్కగా ఉంటుంది. ఆ లెక్క మారితే బొమ్మ మారుతుంది. ఎస్‌వీజీ, లాటీ ఈ బాపతు.

పేజీలో ఏది కదిలినా చూపు అటే పోతుంది. చదివేవాళ్లు వద్దనుకున్నా పోతుంది. అందువల్ల కదలిక చూపుడువేలు లాంటిది, దాని చివర చూడదగ్గది ఏదో ఒకటి ఉండాలి. ఈ రంగంలో వచ్చిన మంచి పనినీ చెడ్డ పనినీ వేరుచేసి చూడటానికి ఈ ఒక్క కొలత చాలావరకు సరిపోతుంది. దానికయ్యే ఖర్చు సంగతీ మరవకూడదు. ఆ ఖర్చు పెట్టేది సైటు యజమాని కాదు. చూసేవాళ్ల డేటా, ఫోను బ్యాటరీ, ఒక్కోసారి వాళ్ల ఒళ్లు కూడా అందులో ఖర్చవుతాయి.

జిఫ్, దాని వారసులు

జిఫ్ 1987లో పుట్టింది. అమెరికాకు చెందిన కంప్యూసర్వ్ అనే ఆన్‌లైన్ సేవల సంస్థలో స్టీవ్ విల్‌హైట్ బృందం దాన్ని రూపొందించింది. నెమ్మదైన టెలిఫోన్ లైన్ల మీద రంగుల బొమ్మ తొందరగా దిగాలన్నదే వాళ్ల అవసరం. 1989 సవరణలో ఒకే ఫైల్లోని బొమ్మల మధ్య ఎంతసేపు ఆగాలో చెప్పే లెక్క, పారదర్శకత వచ్చి చేరాయి. ఆ లెక్కను సెకనులో నూరో వంతుల్లో రాస్తారు. విశేషమేమంటే, ఈ ఫార్మాట్ యానిమేషన్ కోసం ఉద్దేశించింది కాదనీ, కొంతవరకు మాత్రమే అందుకు పనికొస్తుందనీ ఆ సవరణ పత్రంలోనే రాసిపెట్టారు. 1995-96లో వచ్చిన నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0 బొమ్మల వరసను చివరికి రాగానే మళ్లీ మొదటికి తిప్పే చిన్న జోడింపు చేసింది. ఆగకుండా తిరిగే జిఫ్‌ను తెరిచి లోపలి బైట్లు చూస్తే ‘నెట్‌స్కేప్ 2.0’ అన్న అక్షరాలు దాదాపు ఎప్పుడూ కనిపిస్తాయి. ఆ బ్రౌజర్ పోయి ఎన్నో ఏళ్లయినా దాని పేరు ఇలా కోట్ల ఫైళ్లలో మిగిలిపోయింది.

మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ను ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది. అంటే మనవాళ్లు మొదట చూసిన వెబ్ మిణుకుమిణుకుమంటూ, తిరుగుతూ ఉన్న వెబ్బే. ప్రభుత్వ శాఖల సైట్లలో నోటిఫికేషన్ పక్కన ఆరుతూ వెలుగుతూ ఉండే ‘న్యూ’ గుర్తు ఆ కాలానిదే. ఫలితాలు వచ్చాయో లేదోనని నెట్ సెంటర్లో పేజీ తెరిచి చూసిన వాళ్లందరికీ అది గుర్తుంటుంది. పేజీలో అలాంటి గుర్తు ఒక్కటే ఉన్నంతకాలం చూపు నేరుగా దాని మీదికే పోయేది. పది లైన్ల పక్కన పది గుర్తులు వెలగడం మొదలయ్యాక ఏది కొత్తదో తెలియకుండా పోయింది. అక్షరాలను ఆర్పి వెలిగించే బ్లింక్ ట్యాగును ఫైర్‌ఫాక్స్ 2013లో తీసేసింది. అడ్డంగా పరుగెత్తే మార్క్వీని ప్రమాణాలు కాలంచెల్లినదిగా ప్రకటించాయి. అయినా అది మన సైట్లలో ఇంకా పరుగెడుతూనే ఉంది.

జిఫ్ బలహీనత రంగుల్లో ఉంది. ఒక ఫ్రేములో 256 రంగులకు మించి పట్టవు. గద్వాల చీర జరీ అంచును జిఫ్‌గా మార్చి చూస్తే సంగతి తెలిసిపోతుంది. బంగారు జరీ మీద వెలుగు పడి క్రమంగా మారే చోట మెరుపు పోయి మెట్లు మెట్లుగా పట్టీలు కనిపిస్తాయి. ఆ మెట్లు కనబడకుండా సాఫ్ట్‌వేర్ చుక్కలు చల్లుతుంది. అప్పుడు నేత మీద ఇసక జల్లినట్టుంటుంది. పైగా చుక్కలు పెరిగినకొద్దీ ఫైలు కుదించడానికి లొంగదు. బరువు లెక్క కూడా ఒకసారి వేసి చూద్దాం. 640 చుక్కల (పిక్సెళ్ల) వెడల్పు, 360 ఎత్తు ఉన్న ఫ్రేములో 2,30,400 చుక్కలుంటాయి. సెకనుకు 12 ఫ్రేముల చొప్పున 3 సెకన్లకు 36 ఫ్రేములు. చుక్కకు ఒక బైటు వేసుకుంటే కుదించకముందు 83 లక్షల బైట్ల దాకా వస్తుంది. ఫోను దాన్ని విప్పి తెరకెక్కించేటప్పుడు చుక్కకు నాలుగు బైట్లు కావాలి కాబట్టి మెమరీలో 3 కోట్ల 30 లక్షల బైట్లు పడుతుంది. ఇదంతా మూడు సెకన్ల అంచు కోసం.

జిఫ్ వాడే కుదింపు పద్ధతి మీద యూనిసిస్ సంస్థకు పేటెంట్ ఉండేది. 1994 చివర్లో లైసెన్సు రుసుము మాట రావడంతో వెబ్ తయారీదారులు కలవరపడ్డారు. ఆ కలవరంలోంచే పీఎన్‌జీ పుట్టింది, 1996లో ప్రమాణమైంది. అమెరికాలో ఆ పేటెంట్ గడువు 2003 జూన్‌లో తీరిపోయింది. పీఎన్‌జీకి కోట్ల రంగులొచ్చాయి, అరపారదర్శకత వచ్చింది, కదలిక మాత్రం రాలేదు. 2004లో మొజిల్లాకు చెందిన స్టువర్ట్ పార్మెంటర్, వ్లాదిమిర్ వుకిచెవిచ్ దానికి కదలిక జోడించి ఏపీఎన్‌జీని ప్రతిపాదించారు. 2007లో పీఎన్‌జీ బృందం ఓటింగులో దాన్ని తిరస్కరించింది. అయినా ఫైర్‌ఫాక్స్ 2008లోనూ, సఫారీ 2014లోనూ, క్రోమ్ 2017లోనూ దాన్ని చేర్చుకున్నాయి. చివరికి 2025 జూన్‌లో వెలువడిన పీఎన్‌జీ మూడో సంచికలో ఏపీఎన్‌జీ అధికారికంగా చేరింది. వాడకంలో నిలదొక్కుకున్నాక ప్రమాణంలో చోటు దొరకడానికి ఇంతకాలం పట్టింది. పారదర్శక నేపథ్యం మీద ఆడే చిన్న లోగోలకు, స్టిక్కర్లకు నేటికీ ఇదే నమ్మదగ్గది. గూగుల్ 2010లో తెచ్చిన వెబ్‌పీ, 2019లో ప్రమాణం ఖరారైన ఏవీఐఎఫ్ కూడా కదలికను మోయగలవు.

ఫొటో నాణ్యతతో కదలాల్సిన దేనికైనా మాత్రం వీడియోనే సరైనది. వీడియో ఫార్మాట్లు ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య ఏం జరిగిందో పోల్చుకుని మార్పునే దాస్తాయి. అందుకే అదే దృశ్యం జిఫ్‌కన్నా ఎన్నో రెట్లు తేలికవుతుంది. 2014లోనే ట్విట్టర్ తన దగ్గరికొచ్చిన జిఫ్‌లను లోలోపల వీడియోగా మార్చడం మొదలుపెట్టింది. 2016లో ఐఓఎస్ 10 శబ్దం లేని వీడియోను పేజీలోనే తనంతట తాను ఆడనివ్వడంతో ఈ దారి ఫోన్లలోనూ తెరుచుకుంది. వీడియో ట్యాగుకు ఆటోప్లే, మ్యూటెడ్, లూప్, ప్లేస్‌ఇన్‌లైన్ అనే నాలుగు లక్షణాలు ఇస్తే చూసేవాళ్లకు అది జిఫ్ లాగే ఉంటుంది. మార్పిడికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉచితంగా దొరుకుతుంది. జిఫ్‌నే వాడక తప్పనప్పుడు బరువు తగ్గించడానికి జిఫ్‌సికిల్, ఫ్రేములు ఒక్కొక్కటిగా దిద్దడానికి గింప్ పనికొస్తాయి. గింప్‌లో ఒక్కో లేయరే ఒక్కో ఫ్రేము.

ఫ్లాష్ యుగం

1996 చివర్లో మాక్రోమీడియా ఒక చిన్న కంపెనీని కొని, దాని యానిమేషన్ సాధనానికి ఫ్లాష్ అని పేరు పెట్టింది. 2005లో మాక్రోమీడియాను అడోబీ కొంది. గీతల బొమ్మలు, శబ్దం, ఆటలు అన్నీ తక్కువ బరువులో ఇచ్చిన ఫ్లాష్ పదేళ్లకు పైగా వెబ్‌ను ఏలింది. కానీ దానికి ప్లగిన్ కావాలి, భద్రతా లోపాలు ఎక్కువ, బ్యాటరీని తాగేస్తుంది. ఐఫోన్‌లోకి దాన్ని రానివ్వని స్టీవ్ జాబ్స్ 2010 ఏప్రిల్‌లో కారణాలు వివరిస్తూ బహిరంగ లేఖ రాశారు. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు మద్దతు ఆగిపోయింది. ఆనాటి పనుల్లో కొన్నింటిని రఫుల్ అనే ఎమ్యులేటర్ సాయంతో ఇంటర్నెట్ ఆర్కైవ్ ఇప్పటికీ ఆడిస్తోంది. ఒకే సంస్థ చేతిలోని ఫార్మాట్‌ను నమ్ముకున్న కళాకారుల పని అంతా ఒక్క తేదీతో తెర వెనక్కి వెళ్లిపోవడం బాధాకరం.

బ్రౌజరే కదిలిస్తే

సీఎస్ఎస్ యానిమేషన్లను మొదట ముందుకు తెచ్చింది ఆపిల్‌కు చెందిన వెబ్‌కిట్ బృందం. 2009 నాటికి అవి సఫారీలో ఆడాయి, తర్వాతి రెండు మూడేళ్లలో మిగతా బ్రౌజర్లకూ వచ్చాయి. ట్రాన్సిషన్ అంటే ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మెల్లగా మారడం. కీఫ్రేమ్స్ అంటే నడుమ మజిలీలు కూడా మనమే చెప్పడం. ఈ రెండింటితోనే రోజువారీ పని ముప్పాతిక వంతు గడిచిపోతుంది.

తెర సాధారణంగా సెకనుకు 60 సార్లు మారుతుంది. అంటే ఒక్కో ఫ్రేముకు బ్రౌజర్‌కు దొరికేది 16.7 మిల్లీసెకన్లు. ఆలోపు కొలతలు వేసుకోవాలి, రంగులు నింపాలి, పొరలన్నీ కలిపి చూపాలి. బొమ్మ వెడల్పునో, ఎడమ అంచునో మారుస్తూ పోతే ప్రతి ఫ్రేముకూ కొలతల పని మళ్లీ మొదటికొస్తుంది. ట్రాన్స్‌ఫార్మ్, ఒపాసిటీ అనే రెండు లక్షణాలను మారిస్తే చివరి పొరల పని మాత్రమే మిగులుతుంది, దాన్నీ గ్రాఫిక్స్ చిప్ చేసుకుంటుంది. నేల మీద వేసిన ముగ్గును పక్కకు జరపాలంటే చెరిపి మళ్లీ వేయాలి. పీట మీద వేసిన ముగ్గునైతే పీటతో సహా జరపొచ్చు. ఈ తేడా ఖరీదైన ఫోనులో తెలియకపోవచ్చు. తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోనులో బొమ్మ తడబడుతూ కదులుతుంటే కారణం చాలావరకు ఇదే.

ఇక వేగం సంగతి. ఉయ్యాల రెండు చివర్లా మెల్లబడి నడుమ వేగంగా పోతుంది. బరువున్న వస్తువు ఏదైనా అంతే. మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంతో జరిగే బొమ్మ యంత్రంలా కనిపించేది అందుకే. డిస్నీ కళాకారులు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో తెచ్చిన పుస్తకంలో చెప్పిన పన్నెండు సూత్రాల్లో ఈ ‘మెల్లగా మొదలై మెల్లగా ఆగడం’ ఒకటి. సీఎస్ఎస్‌లో దీన్ని క్యూబిక్ బెజియే అనే వక్రరేఖగా, నాలుగు అంకెల్లో రాస్తారు. బటను మీది గుర్తు కదలడానికి 200 నుంచి 300 మిల్లీసెకన్లు చాలు. పెద్ద ఫొటో మెల్లగా దగ్గరవ్వాలంటే పది సెకన్లు కూడా తక్కువే.

ఇక్కడ ఒక ఫొటో తీసుకుందాం. లేపాక్షి వీరభద్రాలయంలోని వేలాడే స్తంభాన్ని పూర్తిగా చూపించే చిత్రం అది. ఆ ఫొటోలో అసలు విశేషం అడుగున ఉంది. స్తంభం పాదానికీ నేలకూ మధ్య గుడ్డ దూర్చగలిగేంత సందు. పూర్తి చిత్రంలో అది సన్నని నల్ల గీతలా ఉండి చాలామంది కంట పడదు. చిత్రాన్ని అంచులు దాటనివ్వని చట్రంలో పెట్టి, పెరుగుదలకు కేంద్రాన్ని ఆ సందు మీద ఉంచి, పన్నెండు సెకన్లలో ఒకటి నుంచి రెండున్నర రెట్లకు మెల్లగా పెంచితే చూపు స్తంభం వెంట దిగి సందు దగ్గర ఆగుతుంది. కోడు నాలుగైదు లైన్లే. జాగ్రత్త పడాల్సింది ఫొటో పరిమాణం విషయంలో. ఫోనులో చట్రం వెడల్పు 400 చుక్కలు, తెర సాంద్రత మూడు రెట్లు, పెంపు రెండున్నర రెట్లు అనుకుంటే అసలు ఫొటో 3,000 చుక్కల వెడల్పు ఉండాలి. తక్కువైతే సరిగ్గా చూడమన్న చోటే బొమ్మ మసకబారుతుంది.

నిశ్చల చిత్రం మీద ఇలా మెల్లగా నడిచే పద్ధతికి కెన్ బర్న్స్ ఎఫెక్ట్ అని పేరు. అమెరికా అంతర్యుద్ధం మీద 1990లో ప్రసారమైన తన డాక్యుమెంటరీలో బర్న్స్ పాత ఫొటోలను ఇలాగే నడిపించారు. అయితే దీన్ని తానే కనిపెట్టానని ఆయన చెప్పుకోలేదు. 1957 నాటి కెనడా చిత్రం ‘సిటీ ఆఫ్ గోల్డ్’ నుంచి నేర్చుకున్నానన్నారు. 2003లో ఆపిల్ ఐమూవీలో ఈ సౌకర్యం ఆయన పేరుతో రావడంతో ఆ పేరే స్థిరపడింది.

ఇంతకన్నా క్లిష్టమైన వరసలకు జీశాప్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ చాలాకాలంగా నిలకడగా ఉంది. దాని మూలాలు ఫ్లాష్ రోజుల్లోనివి. 2025లో అది అందరికీ ఉచితమైంది. జేక్వెరీ అనే పాత లైబ్రరీ రోజుల నుంచి వస్తున్న తిరిగే బ్యానర్లు, అంటే మొదటి పేజీలో వాటంతట అవే మారే పెద్ద ఫొటోలు, ఇంకా చాలా సైట్లలో కనిపిస్తాయి. మొదటి ఫొటో మీది మాటలు చదవడం పూర్తికాకముందే రెండోది వచ్చి పడుతుంది. అలాంటి చోట ఒక మంచి ఫొటో చాలు.

దుకాణాల సైట్లలో మౌసు పెట్టగానే ఇక్కత్ చీర ఒళ్లు పోయి పల్లూ కనిపించడం మరో వాడుక. కొనేవాళ్లకు నిజంగా అక్కరకొచ్చే కదలిక ఇది. కాకపోతే వేలితో వాడే తెరకు ‘మౌసు పెట్టడం’ అనే స్థితే లేదు. మన కొనుగోలుదారుల్లో ఎక్కువమంది చేతిలో ఉన్నది ఫోనే. అందుకే తాకితేనో, పక్కకు జరిపితేనో పల్లూ వచ్చేలా కూడా కట్టాలి.

గీతల బొమ్మలు, లాటీ

ఎస్‌వీజీ 2001లో ప్రమాణమైంది. ఎంత పెంచినా అంచు చెదరదు. అందులోని ప్రతి గీతనూ విడిగా పట్టుకుని కదిలించొచ్చు. గీత పొడవంతా ఒకే ఖాళీ గీతగా చేసి, దాన్ని క్రమంగా జరిపితే ఎవరో కలంతో గీస్తున్నట్టు బొమ్మ పుడుతుంది. నది పారే దారిని మ్యాపు మీద చూపడానికి ఇంతకన్నా చక్కని పద్ధతి లేదు.

చేతితో ఇలా కోడు రాయలేని చిత్రకారుల కష్టం 2017లో కొంత తీరింది. హెర్నాన్ టొరిసి తయారుచేసిన బాడీమూవిన్ అనే ప్లగిన్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో చేసిన యానిమేషన్‌ను జేసన్ అనే పాఠ్య ఫైలుగా మార్చేది. దానికి తోడుగా ఫోన్లలో ఆడించే లైబ్రరీలను ఎయిర్‌బీఎన్‌బీ ఇంజినీర్లు తెచ్చారు. దానికి లాటీ అని పేరు పెట్టారు. ఆ పేరు జర్మన్ చిత్రకారిణి లాటె రైనిగర్‌ది. నల్ల అట్టను కత్తెరతో కత్తిరించి, కీళ్ల దగ్గర కదిలేలా జోడించి, వెనక నుంచి వెలుగు వేసి, ఒక్కో ఫ్రేముకు కాస్త కాస్త జరుపుతూ ఆమె 1926లో ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ ప్రిన్స్ అహ్మద్’ పూర్తిచేశారు. నేటికి మిగిలి ఉన్న పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాల్లో అదే మొదటిది.

తోలుబొమ్మలాట ఎరిగినవాళ్లకు లాటీ ఫైలు లోపలి కట్టుబడి వెంటనే అర్థమవుతుంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారులు చేయి, మోచేయి, తల విడివిడిగా కోసి కీళ్ల దగ్గర దారంతో కడతారు. రంగులద్దిన తోలు పలచన కావడంతో మన బొమ్మల నీడ రైనిగర్ బొమ్మల్లా నల్లగా కాక రంగురంగులుగా పడుతుంది. లాటీలోనూ ఒక్కో అవయవం ఒక్కో పొర, దానికో కీలు, ఏ క్షణాన ఎంత తిరగాలో ఒక అంకె. బొమ్మ మొత్తాన్ని ప్రతి ఫ్రేముకూ తిరిగి గీసి పంపాల్సిన పని లేదు. అందుకే ఫైలు తేలిక. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోని హంగులన్నీ ఇందులోకి రావని మాత్రం ముందే తెలుసుకోవాలి. మసకలు, మెరుపుల వంటివి ఎక్కువగా వాడిన పని లాటీగా మారేసరికి బోడిగా మిగలొచ్చు. చూసేవాళ్లు తాకిన తీరును బట్టి బొమ్మ ప్రవర్తన మారాలంటే రైవ్ అనే సాధనం దీనికంటే అనుకూలం.

చదువుతూ పోతుంటే కదిలేవి

2012 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ ‘స్నో ఫాల్’ అనే సుదీర్ఘ కథనాన్ని ప్రచురించింది. వాషింగ్టన్ రాష్ట్రంలో మంచుచరియ విరుచుకుపడి స్కీయర్లు మరణించిన ఘటన మీద జాన్ బ్రాంచ్ రాసిన ఆ కథనానికి మరుసటేడు పులిట్జర్ బహుమతి వచ్చింది. పేజీ తెరవగానే కొండవాలు మీద గాలికి మంచుపొడి ఎగురుతూ కనిపిస్తుంది. అంతకుమించి ఏమీ కదలదు. చదువుతూ కిందికి వస్తుంటే కొండ మ్యాపు తిరుగుతూ వాళ్లు వెళ్లిన దారి చూపిస్తుంది. దీని తర్వాత పత్రికలు స్క్రోల్‌తో నడిచే కథనాల వెంట పడ్డాయి. చాలావాటిలో మంచుపొడి ఉంది కానీ దారి చూపే మ్యాపు లేదు.

ఇలాంటి పనికి మొదట్లో జావాస్క్రిప్ట్ స్క్రోల్‌ను క్షణక్షణం కనిపెట్టి ఉండాల్సి వచ్చేది. 2016లో క్రోమ్‌లో వచ్చిన ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్ ‘బొమ్మ తెర మీదికి వచ్చింది’ అని తానే కబురు చెబుతుంది. 2023లో క్రోమ్ 115 స్క్రోల్‌నే గడియారంగా వాడుకుని నడిచే సీఎస్ఎస్ యానిమేషన్లను తెచ్చింది.

రెండు ఫొటోల మధ్య గీతను వేలితో జరిపి ముందూ తర్వాతా పోల్చుకునే పద్ధతి కూడా ఈ వర్గానిదే. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలోని నైట్ ల్యాబ్ వాళ్ల జక్స్టపోజ్ ఇందుకు ఉచితంగా దొరుకుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పటి లాంటి సందర్భంలో, ఒకే చోటును పై నుంచి తీసిన రెండు చిత్రాలను ఇలా పక్కపక్కన పెడితే తమ వీధిలోకి నీళ్లెక్కడిదాకా వచ్చాయో ఎవరికి వాళ్లు జరిపి చూసుకోగలరు. ఇక్కడ కదలిక చూసేవాళ్ల చేతిలోనే ఉంది, వాళ్లు ఆపితే ఆగుతుంది.

పేజీ తెరుచుకునేటప్పుడు ఫొటో మెల్లగా తేలుతూ రావడం ఇప్పుడు దాదాపు ప్రతి సైటులోనూ ఉంది. మొదటి పెద్ద ఫొటోకు మాత్రం దీన్ని వాడకపోవడం మేలు. ఒపాసిటీ సున్నా దగ్గర ఉన్నంతసేపు బొమ్మ వచ్చినట్టు క్రోమ్ లెక్కవేయదు. గూగుల్ మంచిదని చెప్పే 2.5 సెకన్ల గడువు దాంతో దాటిపోవచ్చు. బొమ్మకు వెడల్పు, ఎత్తు ముందే రాసిపెడితే అది దిగేటప్పుడు కింది అక్షరాలు గెంతవు.

కృత్రిమ మేధ కదిలించే ఫొటోలు

2021 ఫిబ్రవరిలో మైహెరిటేజ్ సంస్థ తెచ్చిన డీప్ నాస్టాల్జియా పాత ఫొటోల్లోని ముఖాలను కదిలించింది. పోయినవాళ్లు తల తిప్పి, కళ్లార్పి, నవ్వారు. చూసి కంటతడి పెట్టినవాళ్లున్నారు, భయపడినవాళ్లూ ఉన్నారు. 2023 నుంచి ఒక్క ఫొటో ఇస్తే కొన్ని సెకన్ల వీడియో చేసే నమూనాలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. నీళ్లు పారించడం, మబ్బులు నడిపించడం వీటికి తేలిక. 2011లో జేమీ బెక్, కెవిన్ బర్గ్ ప్రచారంలోకి తెచ్చిన సినిమాగ్రాఫ్ కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది. ఫొటో అంతా నిశ్చలంగా ఉండి ఒక్క కొంగో, ఒక్క ముంగురో కదలడం. కానీ వాళ్లు నిజంగా తీసిన వీడియోలో మిగతాదంతా ఆపి ఆ కదలికను మిగిల్చారు. కొత్త నమూనాలు జరగని కదలికను ఊహించి కల్పిస్తాయి. తాతగారు అలా నవ్వేవారో లేదో ఆ యంత్రానికి తెలియదు. వార్తలకూ చరిత్రకూ సంబంధించిన ఫొటోలను దీనితో కదిలించకూడదు. ఇతరత్రా వాడినా, ఇది కల్పించిన కదలిక అని బొమ్మ కిందే రాయాలి.

ఒంటికి పడనివాళ్లు

1997 డిసెంబరు 16న జపాన్‌లో పోకెమాన్ ధారావాహికలో ఎరుపు, నీలం రంగులు వేగంగా మారిన దృశ్యం చూసి ఆరు వందలకు పైగా ప్రేక్షకులు, ఎక్కువగా పిల్లలు, ఆసుపత్రి పాలయ్యారు. వెబ్ ప్రాప్యతా మార్గదర్శకాలు సెకనులో మూడు మెరుపులకు మించి ఉండకూడదని చెప్పడం ఇలాంటి ప్రమాదం గురించే. తనంతట తాను మొదలై ఐదు సెకన్లకు మించి పక్కనున్న వచనంతో పాటు ఆడే కదలికను ఆపడానికి మార్గం ఉండాలని కూడా అవి అంటాయి. మన ప్రభుత్వ సైట్ల మార్గదర్శకాలు కూడా ఈ ప్రమాణాల మీదే నిలబడ్డాయి.

మూర్ఛ వ్యాధి లేనివాళ్లకూ కదలిక పడకపోవచ్చు. లోచెవిలో సమతౌల్యం చూసే భాగం దెబ్బతిన్నవాళ్లకు తెర మీది పెద్ద కదలిక తలతిప్పు, వాంతి తెప్పిస్తుంది. 2013లో ఐఓఎస్ 7 తెచ్చిన దూసుకొచ్చే తెరలు చూసి చాలామంది ఇలాగే ఇబ్బందిపడితే, ఆపిల్ వాటి స్థానంలో మెల్లగా మసకబారే మార్పును ఎంచుకునే వీలు కల్పించింది. 2017లో సఫారీ ఈ ఎంపికను వెబ్‌పేజీలకూ తెలియజేయడం మొదలుపెట్టింది. దాన్ని ‘ప్రిఫర్స్ రిడ్యూస్డ్ మోషన్’ అంటారు. ఇప్పుడు ప్రధాన బ్రౌజర్లన్నీ దీన్ని పాటిస్తాయి. ఫోను సెట్టింగుల్లో కదలికలు తగ్గించమని పెట్టుకున్నవాళ్లకు వేరే నియమాలు వర్తించేలా సీఎస్ఎస్‌లో రాయొచ్చు.

అలా రాసేటప్పుడు కదలికను తీసేసి ఊరుకుంటే చాలదు. లేపాక్షి ఫొటోలో పెంపు ఆపేస్తే వాళ్లకు స్తంభం కనిపిస్తుంది, సందు కనిపించదు. అందుకని వాళ్లకు పెద్ద ఫొటో పక్కనే స్తంభం పాదాన్ని దగ్గరగా చూపే రెండో ఫొటో పెట్టాలి. పెద్ద ఫొటో మీద ఆ చోట సన్నని పెట్టె గీయాలి. బొమ్మను చూడలేక చదివించుకుని వినేవాళ్ల కోసం ప్రత్యామ్నాయ పాఠ్యంలో ‘స్తంభం’ అని వదిలేయకుండా, దాని పాదం నేలకు పూర్తిగా ఆనలేదనీ, ఆ సందులోంచి గుడ్డ దూర్చి లాగొచ్చనీ రాయాలి.